మేజ్‌రన్ ఇచ్చే యూఆర్ఎల్ లిస్టులో తేడాలు: సమస్య - పరిష్కారం

మెజెంటో 2 (ఆన్‌లైన్ దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్) స్టోర్లో ఉన్న పేజీల అడ్రసులన్నీ ఒక్క దెబ్బకు బయటికి తీయాలంటే ఎన్98-మేజ్‌రన్2లో (మెజెంటో పనులు కమాండ్ లైన్ నుంచి చేసే టూల్) ఉన్న సిస్:యూఆర్ఎల్:లిస్ట్ కమాండు చాలు. ప్రొడక్టులు, కేటగిరీలు, సీఎంఎస్ పేజీలు వరసకొకటి చొప్పున వచ్చేస్తాయి. ఆ ఫైలును జేమీటర్‌కు ఇచ్చి లోడ్ టెస్టు చేస్తాం, కాష్ వార్మింగ్ స్క్రిప్టుకు (పేజీలను ముందే తెరిచి కాష్‌లో సిద్ధంగా ఉంచేది) ఇస్తాం, సైటు మార్చేటప్పుడు పాత అడ్రసు నుంచి కొత్త అడ్రసుకు 301 మ్యాపు (శాశ్వతంగా మళ్లించే లింకుల పట్టిక) తయారు చేసుకుంటాం.

ఇబ్బందల్లా ఒకటే. తప్పు జరిగినా ఈ కమాండు నోరు విప్పదు. ఎర్రర్ ఏమీ లేకుండా ఖాళీ ఫైలు ఇస్తుంది, లేదంటే తప్పుడు అడ్రసులతో నిండిన ఫైలు ఇస్తుంది. వరసల లెక్క సరిపోయింది కదా అని చాలామంది ఫైలును అలాగే తర్వాతి టీముకు పంపేస్తారు. సైటు లైవ్ అయ్యాక, గూగుల్లో పాత లింకులు 404 కొడుతున్నాయని క్లయింటు ఫోన్ చేశాక అప్పుడు వెతుకులాట మొదలవుతుంది.

సర్వర్లోకి లాగిన్ అవడం, మెజెంటో రూట్ ఫోల్డర్లో ఉండి కమాండు నడపడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. దయచేసి రెండు పనులు మాత్రం మానకండి. ఫైలు తెరిచి మొదటి పది వరసలు కళ్లారా చదవండి: డొమైన్ మీరు అనుకున్నదేనా, హెచ్‌టీటీపీఎస్ ఉందా, మధ్యలో వింత ముక్కేదైనా ఇరుక్కుందా. ఆ తర్వాత ఫైలు మొత్తంలో 'కేటలాగ్/ప్రొడక్ట్/వ్యూ' కోసం గ్రెప్ (ఫైల్లో మాట వెతికే కమాండు) కొట్టండి, అది ఎందుకో కింద చెబుతాను. నిమిషం కూడా పట్టదు. నా దాకా వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండు పనులూ చేసి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేవి.

లిస్టు ఖాళీగా వస్తోంది

ముందు చూడాల్సింది ఆప్షన్. యాడ్-ప్రొడక్ట్స్, యాడ్-కేటగిరీస్, యాడ్-సీఎంఎస్‌పేజెస్, యాడ్-ఆల్. వీటిలో ఏదో ఒకటి ఇవ్వకపోతే కమాండుకు ఏం వెతకాలో తెలియదు, ఏమీ ఇవ్వకుండా ముగిసిపోతుంది. స్టోర్ నంబరు ఇచ్చాం కదా, అన్నీ వస్తాయిలే అనుకోవడం ఇక్కడ కుదరదు.

ఆప్షన్ ఇచ్చినా ఖాళీగానే ఉంటే స్టోర్ నంబరే తప్పయి ఉంటుంది. అడ్మిన్లో వెబ్‌సైట్, స్టోర్, స్టోర్ వ్యూ అని మూడు అంచెలుంటాయి. మూడింటికీ వేర్వేరు నంబర్లు. ఈ కమాండుకు కావలసింది మూడో అంచెది, అంటే స్టోర్ వ్యూ నంబరు. వెబ్‌సైట్ 2 అయినంత మాత్రాన దాని స్టోర్ వ్యూ కూడా 2 అవ్వాలని లేదు. గుర్తుమీద ఆధారపడకుండా సిస్:స్టోర్:లిస్ట్ నడిపి నంబరు చూసుకోండి. రెండు మూడు స్టోర్ వ్యూలు కావాలంటే కామాలతో కలిపి ఇవ్వొచ్చు.

డొమైన్ తప్పు, లేదా అడ్రసు మధ్యలో ఫార్ (మేజ్‌రన్ టూల్ ఫైలు) పేరు

లైవ్ డేటాబేస్ కాపీని స్టేజింగ్‌లోకి (పరీక్షల కోసం ఉంచే సర్వర్లోకి) దించిన మర్నాడు ఈ ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. స్టేజింగ్ సర్వర్లో కమాండు నడిపితే లైవ్ అడ్రసులు వస్తున్నాయంటారు. బేస్ యూఆర్ఎల్ (అడ్రసు మొదట్లో వచ్చే డొమైన్ భాగం) డేటాబేస్‌తో పాటే వచ్చేసింది కాబట్టి అలాగే వస్తాయి మరి. సిస్:స్టోర్:కాన్ఫిగ్:బేస్-యూఆర్ఎల్:లిస్ట్ నడిపితే ప్రతి స్టోర్ వ్యూకీ ఏ బేస్ యూఆర్ఎల్ పనిచేస్తోందో పక్కపక్కనే కనిపిస్తుంది. డిఫాల్ట్ స్థాయిలో మార్చాం కదా అని ఆగిపోకండి. ఒక స్టోర్ వ్యూకి విడిగా పాత విలువ పెట్టి ఉంటే చెల్లేది అదే. మార్చాక కాన్ఫిగ్ కాష్ ఫ్లష్ చేయండి, అంటే దాచిపెట్టుకున్న పాత సెట్టింగులను ఖాళీ చేయండి. విలువను ఈఎన్‌వీ ఫైల్లో (సర్వర్లోని సెట్టింగుల ఫైలు) లాక్ చేసి ఉంటే డేటాబేస్‌లో ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

సైటు మొత్తం హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తోంది, సైట్‌మ్యాపులోనూ (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితాలోనూ) హెచ్‌టీటీపీఎస్ ఉంది, లిస్టులో మాత్రం ఉత్త హెచ్‌టీటీపీ వస్తోంది అనే వాళ్లూ ఉంటారు. కమాండ్ లైన్లో బ్రౌజర్ రిక్వెస్టు ఉండదు. కనుక ఇది సెక్యూర్ కనెక్షన్ కాదని మెజెంటో లెక్క వేసుకుని, అన్‌సెక్యూర్ బేస్ యూఆర్ఎల్‌ను తీసుకుంటుంది. సైట్‌మ్యాపు తయారు చేసే కోడు సెక్యూర్ అడ్రసు కావాలా అని విడిగా చూసుకుంటుంది, అందుకే అక్కడ సరిగ్గా వస్తుంది. సెక్యూర్, అన్‌సెక్యూర్ రెండు గడుల్లోనూ హెచ్‌టీటీపీఎస్ అడ్రసే పెట్టేయండి. ఈ రోజుల్లో ఆ రెంటినీ వేరువేరుగా ఉంచాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

ఇక డొమైన్ తర్వాత 'ఎన్98-మేజ్‌రన్2.ఫార్/' అన్న ముక్క ఇరుక్కుని, ఆ తర్వాత ప్రొడక్టు పేరు వస్తోందంటే కారణం ఒక్కటే. అడ్మిన్లో వెబ్ సర్వర్ రీరైట్స్ వాడాలా అన్న సెట్టింగు 'నో'లో ఉంది. అది 'నో' అయితే మెజెంటో అడ్రసు మధ్యలో ఇండెక్స్.పీహెచ్‌పీ పెట్టాలి. ఆ ఫైలు పేరును మాత్రం ఇప్పుడు నడుస్తున్న స్క్రిప్టు పేరు నుంచే తీసుకుంటుంది. నడుస్తున్నది ఫార్ ఫైలు కాబట్టి దాని పేరే అడ్రసులోకి ఎక్కుతుంది. సెట్టింగు 'యెస్' చేసి కాష్ ఫ్లష్ చేస్తే పోతుంది. ఫైల్లో ఆ ముక్కను సెడ్ కమాండుతో తీసేసి పని కానిచ్చే వాళ్లను చూశాను. సెట్టింగు అలాగే ఉంటే సైటులో లింకులు కూడా ఇండెక్స్.పీహెచ్‌పీతోనే వెళ్తుంటాయి, కాబట్టి మూలం సరిచేయడమే మేలు.

ప్రొడక్టులు తక్కువ వస్తున్నాయి

అడ్మిన్ గ్రిడ్‌లో (ప్రొడక్టుల పట్టికలో) మూడు వేల ప్రొడక్టులుంటే లిస్టులో నాలుగు వందలే వచ్చాయని కంగారు పడేవాళ్లకు ఒకటే ప్రశ్న: మీ స్టోర్లో సైజులు, రంగులు ఉన్న కాన్ఫిగరబుల్ ప్రొడక్టులున్నాయా? ఒక కుర్తీ ఐదు సైజుల్లో, నాలుగు రంగుల్లో ఉంటే దాని వెనక 20 సింపుల్ ప్రొడక్టులుంటాయి. వాటి విజిబిలిటీ మామూలుగా 'నాట్ విజిబుల్ ఇండివిడ్యువల్లీ'. వాటికి సొంత పేజీ ఉండదు, లిస్టులో రావు, రాకూడదు కూడా. గ్రిడ్‌లో ఆ ఫిల్టరు పెట్టి మళ్లీ లెక్కపెట్టండి.

అప్పటికీ తేడా ఉంటే ఆ ప్రొడక్టును ఆ వెబ్‌సైట్‌కు కేటాయించారా, స్టేటస్ ఎనేబుల్డ్‌లో ఉందా చూడండి. స్టేటస్, విజిబిలిటీ రెంటినీ స్టోర్ వ్యూ స్థాయిలో విడిగా మార్చే వీలుంది. కనుక అడ్మిన్లో పైన స్కోప్‌ను మీకు కావలసిన స్టోర్ వ్యూకు మార్చాకే చూడాలి. 'ఆల్ స్టోర్ వ్యూస్'లో చూసి అంతా బాగుందనుకోవద్దు.

హోమ్ పేజీ లిస్టులో లేదని కొందరు అడుగుతారు. కొత్త మెజెంటో వెర్షన్లలో హోమ్ పేజీ, 404 పేజీ, కుకీలు లేనప్పుడు వచ్చే పేజీ సైట్‌మ్యాపు కోడులోనే వదిలేసి ఉంటాయి. ఈ కమాండు వాడేదీ ఆ కోడునే. కావాలంటే బేస్ యూఆర్ఎల్‌ను ఒక వరసగా మీరే చేర్చుకోండి. కేటగిరీలు అసలే రాకపోతే ఆ స్టోర్‌కు ఏ రూట్ కేటగిరీ పెట్టారో చూడండి, దాని కింద ఉన్నవే వస్తాయి.

లెక్క సరిపోయింది, పేజీలు తెరుచుకుంటున్నాయి, అయినా లిస్టు తప్పు

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. లిస్టులో ఎక్కువ వరసలు చక్కగా ప్రొడక్టు పేరుతో ఉంటాయి. మధ్యమధ్యలో కొన్ని మాత్రం 'కేటలాగ్/ప్రొడక్ట్/వ్యూ/ఐడీ/1742' అని వస్తాయి. క్లిక్ చేస్తే పేజీ మామూలుగా తెరుచుకుంటుంది, స్టేటస్ 200 వస్తుంది. లింక్ చెకర్ పాస్ చేస్తుంది. వరసల లెక్క ప్రొడక్టుల లెక్కతో సరిపోతుంది. ఎక్కడా ఎర్రర్ ఉండదు. అందుకే ఎవరి కంటా పడదు.

ఈ వరసలు ఎందుకొస్తాయో తెలిస్తే సగం పని అయినట్టే. ప్రొడక్టు అడ్రసు కోసం ఈ కమాండు యూఆర్ఎల్_రీరైట్ అనే టేబుల్ (ఏ అడ్రసు ఏ పేజీదో రాసి ఉంచేది) చూస్తుంది. ఆ ప్రొడక్టుకు, ఆ స్టోర్ వ్యూకు, ఈజ్_ఆటోజెనరేటెడ్ విలువ 1గా ఉన్న వరస కావాలి, మెటాడేటా గడి ఖాళీగా ఉండాలి. దొరికితే అందులోని రిక్వెస్ట్_పాత్ తీసుకుంటుంది. దొరక్కపోతే ప్రొడక్టును వదిలేయదు, ఐడీతో పనిచేసే లోపలి అడ్రసును ఆ స్థానంలో పెట్టేస్తుంది. కేటగిరీలకూ ఇదే పద్ధతి, అక్కడ 'కేటలాగ్/కేటగిరీ/వ్యూ/ఐడీ' అని వస్తుంది. కనుక ఐడీ ఉన్న ప్రతి వరసా ఒకే సంగతి చెబుతోంది: ఆ స్టోర్ వ్యూలో ఈ వస్తువుకు రీరైట్ వరస లేదు.

ఈ ఫైలుతో 301 మ్యాపు చేశారనుకోండి. గూగుల్‌కు తెలిసిన అందమైన పాత అడ్రసు మీ మ్యాపులోకి రానే రాదు, ఎవరికీ తెలియని ఐడీ అడ్రసు వస్తుంది. కాష్ వార్మింగ్‌కు ఇచ్చారనుకోండి. కస్టమర్ బుక్‌మార్కు చేసుకున్న అడ్రసు చల్లగానే ఉండిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే మొదటి పని రీఇండెక్స్, అంటే ఇండెక్స్ పట్టికలను తిరిగి కట్టించడం. ఫలితం ఉండదు, మళ్లీ చేస్తారు, మళ్లీ ఉండదు. మెజెంటో 1లో యూఆర్ఎల్ రీరైట్ల కోసం ఒక ఇండెక్సర్ ఉండేది, ఆ అలవాటు ఇంకా పోలేదు. మెజెంటో 2లో అలాంటి ఇండెక్సర్ లేదు. రీరైట్ వరసలు ప్రొడక్టు సేవ్ అయిన సమయంలో పుడతాయి, అప్పుడు పుట్టకపోతే ప్రొడక్టులో మళ్లీ ఏదో మార్పు జరగాలి. బిన్/మెజెంటోలో (మెజెంటో సొంత కమాండ్ టూల్) కూడా రీరైట్లను తిరిగి పుట్టించే కమాండు లేదు.

రెండో పని: ప్రొడక్టును అడ్మిన్లో తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ కొట్టడం. ఇదీ పనిచేయదు. సేవ్ సమయంలో మెజెంటో నాలుగు విషయాలు చూస్తుంది: యూఆర్ఎల్ కీ (అడ్రసులో ప్రొడక్టును గుర్తించే ముక్క) మారిందా, కేటగిరీలు మారాయా, వెబ్‌సైట్లు మారాయా, విజిబిలిటీ మారిందా. నాలుగింటిలో ఏదీ మారకపోతే రీరైట్ల జోలికే పోదు. సేవ్ అయిందని పచ్చ రంగులో మెసేజ్ వస్తుంది, టేబుల్లో మాత్రం వరస పుట్టదు. ఈ ఒక్క సంగతి తెలియక సీనియర్ డెవలపర్లు కూడా మధ్యాహ్నమంతా పోగొట్టుకోవడం చూశాను.

అసలు వరస ఎందుకు లేకుండా పోయింది? తరచుగా కనిపించేవి చెబుతాను.

ఒకటి, బల్క్ విజిబిలిటీ. దసరాకో సంక్రాంతికో కొత్త స్టాకును ముందే ఎక్కించి, 'నాట్ విజిబుల్'లో ఉంచి, సేల్ రోజున గ్రిడ్‌లో అన్నీ టిక్కు పెట్టి ఒకేసారి విజిబుల్ చేస్తారు. కనిపించని ప్రొడక్టుకు మెజెంటో రీరైట్ చేయదు. పాత 2.x వెర్షన్లలో గ్రిడ్ నుంచి బల్క్‌గా విజిబిలిటీ మార్చినప్పుడు కూడా రీరైట్లు పుట్టేవి కావు. తర్వాతి వెర్షన్లలో దీన్ని సరిచేశారు. కానీ పాత వెర్షన్లో పోయిన వరసలు అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన తిరిగి రావు.

రెండు, నేరుగా టేబుళ్లలోకి రాసే ఇంపోర్టు స్క్రిప్టులు. వేగం కోసం మెజెంటో సేవ్ ప్రక్రియను దాటవేస్తాయి. ప్రొడక్టు వస్తుంది, ధర వస్తుంది, ఫొటో వస్తుంది, రీరైట్ రాదు.

మూడోది కొంచెం నిదానంగా చూడాల్సింది. తెలుగులో పేరు పెట్టిన ప్రొడక్టులున్న స్టోర్లలో ఇది తప్పనిసరిగా తగులుతుంది. యూఆర్ఎల్ కీ ఖాళీగా వదిలేస్తే మెజెంటో దాన్ని ప్రొడక్టు పేరు నుంచే తయారు చేసుకుంటుంది. డిఫాల్ట్ సెట్టింగుల్లో జరిగేది ఇది: ముందు తనకు తెలిసిన పరాయి అక్షరాలను లాటిన్‌లోకి మారుస్తుంది. ఆ పట్టికలో పైన, కింద గుర్తులున్న యూరప్ అక్షరాలు, రష్యన్ లిపి లాంటివి ఉంటాయి, తెలుగు లేదు. తర్వాత ఏ నుంచి జడ్ వరకు, 0 నుంచి 9 వరకు ఉన్నవి తప్ప మిగతా ప్రతిదాన్నీ హైఫన్‌గా మారుస్తుంది. వరసగా వచ్చిన వాటన్నిటికీ కలిపి ఒకే హైఫన్. ఆఖర్న రెండు చివర్లలో ఉన్న హైఫన్లను కత్తిరిస్తుంది.

'ఉప్పాడ చీర 101' అన్న పేరును ఈ దారిలో నడిపించి చూడండి. 'ఉప్పాడ చీర' మొత్తం, మధ్యలోని ఖాళీలతో సహా, ఒక్క హైఫన్ అవుతుంది. మిగిలేది '-101'. ముందున్న హైఫన్ పోతుంది. యూఆర్ఎల్ కీ: '101'. ఇప్పుడు 'గద్వాల చీర 101' తీసుకోండి. అదీ '101' అవుతుంది. రెండు వేర్వేరు చీరలు, ఒకే కీ. నంబరు లేని 'మంగళగిరి నేత చీర' అయితే చివరికి ఖాళీయే మిగులుతుంది.

యూఆర్ఎల్_రీరైట్ టేబుల్లో ఒక స్టోర్ వ్యూలో ఒక అడ్రసు ఒక్కసారే ఉండాలి, యూనిక్ ఇండెక్స్ ఉంది. రెండో '101.హెచ్‌టీఎంఎల్' అందులోకి ఎక్కదు. అడ్మిన్ నుంచి సేవ్ చేస్తే 'యూఆర్ఎల్ కీ ఫర్ స్పెసిఫైడ్ స్టోర్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్' అన్న ఎర్రర్ వస్తుంది, కనీసం సమస్య ఉందని తెలుస్తుంది. నేరుగా టేబుల్లోకి రాసే స్క్రిప్టులో ఆ మాట కూడా వినపడదు, ప్రొడక్టు మాత్రం నిశ్శబ్దంగా లోపలికి వచ్చేస్తుంది. ఒక చేనేత స్టోర్ లిస్టులో ఐడీ వరసలన్నీ తీసి పేర్లు చూస్తే ప్రతి పేరూ తెలుగులోనే ఉంది, చివర డిజైన్ నంబరు ఉంది. ఇంగ్లీషు పేర్లున్న వాటిలో ఒక్కటీ లేదు. మీ లిస్టులో కూడా పేర్లు పక్కన పెట్టుకుని చూస్తే ఇలాంటి పోలికేదో ఇట్టే కనిపిస్తుంది.

నాలుగోది, ఆ అడ్రసులో ఇంకెవరో కూర్చుని ఉండటం. పాత ప్రొడక్టు పేరు మార్చినప్పుడు 'క్రియేట్ పర్మనెంట్ రీడైరెక్ట్' టిక్కు ఉంచితే పాత అడ్రసు 301 వరసగా టేబుల్లో ఉండిపోతుంది. ఏడాది తర్వాత అదే పేరుతో కొత్త ప్రొడక్టు పెడితే ఆ చోటు ఖాళీ లేదు. ప్రొడక్టుల్లో ఎంత వెతికినా ఆ కీ ఉన్నది ఇంకొకటి కనపడదు, ఎందుకంటే అడ్డం ఉన్నది ప్రొడక్టు కాదు, రీడైరెక్టు. కేటగిరీ కావచ్చు, సీఎంఎస్ పేజీ కూడా కావచ్చు.

సరిచేసే వరస

ముందు యూఆర్ఎల్_రీరైట్ టేబుల్ బ్యాకప్ తీసుకోండి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. ఆ టేబుల్లో మీ మార్కెటింగ్ టీము ఏళ్ల తరబడి చేత్తో పెట్టుకున్న రీడైరెక్టులుంటాయి, అవి పోతే తిరిగి తయారు చేయడం ఎవరివల్లా కాదు. ఆ తర్వాత స్టేజింగ్‌లో చేసి చూసి, అప్పుడు లైవ్‌కు వెళ్లండి.

లిస్టు నుంచి ఐడీ వరసలను గ్రెప్‌తో వేరు చేసి, ఐడీ నంబర్లు మాత్రం ఒక ఫైల్లోకి తీయండి. ఒక నంబరు తీసుకుని యూఆర్ఎల్_రీరైట్‌లో వెతకండి: ఎంటిటీ టైప్ ప్రొడక్ట్, ఎంటిటీ ఐడీ ఆ నంబరు, స్టోర్ ఐడీ మీరు లిస్టు తీసిన స్టోర్ వ్యూది. స్టోర్ ఐడీ పెట్టకుండా వెతికితే పక్క స్టోర్ వ్యూ వరస కనిపించి, ఉంది కదా అనిపిస్తుంది. ఇంగ్లీషు స్టోర్ వ్యూలో వరస ఉండి తెలుగు స్టోర్ వ్యూలో లేకపోవడం బాగా మామూలు విషయం.

వరస అసలు లేకపోతే ప్రొడక్టు యూఆర్ఎల్ కీ చూడండి, డిఫాల్ట్ స్కోప్‌లో ఒకసారి, ఆ స్టోర్ వ్యూ స్కోప్‌లో ఒకసారి. ఖాళీగా ఉన్నా, '101' లాంటి మొండి నంబరుగా ఉన్నా లాటిన్ అక్షరాల్లో అర్థవంతమైన కీ మీరే ఇవ్వండి: 'ఉప్పాడ-జాందానీ-101' అన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినట్టు. పేరు తెలుగులోనే ఉండనివ్వండి, కొనేవాళ్లు చదివేది అదే. తెలుగు అక్షరాలతోనే అడ్రసు కావాలనే వాళ్లూ ఉన్నారు, వాళ్ల కోరిక నాకు అర్థమవుతుంది. కానీ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, అడ్రసులో ఎన్‌కోడ్ అయ్యాక తొమ్మిది క్యారెక్టర్లు. వాట్సాప్‌లో ఆ లింకు పేస్టు చేస్తే పర్సెంట్ గుర్తుల బారే కనిపిస్తుంది. కీ మారింది కాబట్టి సేవ్ కొట్టగానే వరస పుడుతుంది.

కీ సరిగ్గానే ఉండి వరస మాత్రమే లేకపోతే, ఆ కీకి సఫిక్సు (చివర వచ్చే .హెచ్‌టీఎంఎల్ లాంటిది) కలిపి వచ్చే అడ్రసును రిక్వెస్ట్_పాత్ గడిలో వెతకండి, స్టోర్ ఐడీ మళ్లీ అదే. దొరికితే ఆ చోటు ఎవరిదో తెలిసిపోతుంది. అది పాత 301 అయితే, అవసరం లేదని మార్కెటింగ్ వాళ్లు చెప్పాకే తీయండి. అవసరమైనదైతే కొత్త ప్రొడక్టుకే వేరే కీ ఇవ్వండి. ఎవరూ లేకపోతే విజిబిలిటీని 'నాట్ విజిబుల్' చేసి సేవ్ చేయండి, తిరిగి 'కేటలాగ్, సెర్చ్'కు మార్చి మళ్లీ సేవ్ చేయండి. ఇది చాదస్తంగా కనిపించినా మెజెంటోకు మార్పు కనపడాలంటే ఇదే దారి. కొద్ది ప్రొడక్టులైతే చేత్తో అయిపోతుంది. వందల్లో ఉంటే రీరైట్లను తిరిగి పుట్టించే బయటి మాడ్యూల్ వాడొచ్చు. అయితే ముందు డూప్లికేట్ కీలు సరిచేశాకే నడపండి, లేకపోతే అవే ప్రొడక్టుల దగ్గర మళ్లీ తన్నుకుంటుంది. పాత రీడైరెక్టులను చెరిపేస్తుందో లేదో దాని ఆప్షన్లలో చదువుకోండి.

వరస ఉంది, కానీ ఈజ్_ఆటోజెనరేటెడ్ 0గా ఉంది అనుకోండి. ఇందులో ఇంకో మెలిక ఉంది. సైటులో అందమైన అడ్రసు కొడితే ఆ ప్రొడక్టు పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది, లిస్టులో మాత్రం ఐడీ వస్తుంది. టూల్లోనే బగ్ ఉందని చాలామంది తేల్చేసేది ఇక్కడే. అడ్రసు చూసి పేజీ తెరిచే కోడు ఆ గడిని పట్టించుకోదు, సైట్‌మ్యాపు కోడు పట్టించుకుంటుంది, తేడా అంతే. పాత సైటు నుంచి డేటా తెచ్చిన టూల్ గానీ, చేత్తో పెట్టిన వాళ్లు గానీ ఆ వరసను కస్టమ్ రీరైట్‌గా పెట్టి ఉంటారు. ఆ కస్టమ్ వరసను తీసి, పైన చెప్పిన పద్ధతిలోనే మెజెంటో చేత సొంత వరస పుట్టించండి. అడ్రసు అక్షరం తేడా లేకుండా పాతదే వచ్చిందని సరిచూసుకోండి. ఇది సరిచేస్తే సైట్‌మ్యాపు కూడా దానంతట అదే బాగుపడుతుంది, రెండూ చదివేది ఒకే కోడు కదా.

అన్నీ అయ్యాక కాష్ ఫ్లష్ చేయండి. సైటు ముందు వార్నిష్ అనే కాష్ సర్వర్ ఉంటే అదీ ఖాళీ చేయాలి, లేదంటే కేటగిరీ పేజీల్లో పాత ఐడీ లింకులు కొంతకాలం తిరుగుతూనే ఉంటాయి. లిస్టు మళ్లీ తీసి, 'కేటలాగ్/ప్రొడక్ట్/వ్యూ' కోసం మళ్లీ గ్రెప్ కొట్టండి. సున్నా రావాలి. రెండు మిగిలాయి, పర్లేదులే అని వదలకండి. మిగిలిన ఆ రెండే సాధారణంగా కీ గొడవ ఉన్నవి, తర్వాతి ఇంపోర్టులో అవి ఇరవై అవుతాయి.

అరుదైనవి

సఫిక్సు ఖాళీ చేశాం, లిస్టులో ఇంకా .హెచ్‌టీఎంఎల్ వస్తోందంటే కాన్ఫిగ్ టేబుల్లో నేరుగా ఎస్‌క్యూఎల్‌తో మార్చి ఉంటారు. అడ్మిన్ నుంచి మారిస్తేనే రీరైట్ వరసలు కూడా మారతాయి.

హోస్టు (డొమైన్), పాత్ (దాని తర్వాతి భాగం) విడివిడిగా తీసే లైన్ టెంప్లేట్ (వరస ఏ రూపంలో రావాలో చెప్పే నమూనా) పనిచేయకపోతే దాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టి చూడండి. ఫైలు మొదట్లో పీహెచ్‌పీ డిప్రికేటెడ్ వార్నింగులు కలిసి వస్తుంటే మీ పీహెచ్‌పీకి సరిపడే కొత్త ఫార్ దించుకోండి. కేటలాగ్ బాగా పెద్దదై మెమరీ చాలక మధ్యలో ఆగితే మెమరీ లిమిట్ పెంచి నడపండి, లేదా ప్రొడక్టులు, కేటగిరీలు విడివిడిగా తీసుకోండి.